గంప కింద నల్లి

2017 ఆగస్టులో నేను కంపెనీ పని మీద నెదర్లాండ్స్‌లో ఉన్నాను. ఆ రోజుల్లో నాకు రాత్రి వంటంటే గుడ్డు పొరటే. ఒకరోజు ఆఫీసులో అందరూ గుడ్ల మీద అచ్చేసిన నంబర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అక్కడ ప్రతి గుడ్డు పెంకు మీదా ఏ దేశం, ఏ ఫారం అనేది ముద్ర ఉంటుంది. ప్రభుత్వం ఒక జాబితా విడుదల చేసి, ఆ నంబర్లున్న గుడ్లు తినొద్దంది. ఇంటికెళ్ళి ఫ్రిజ్‌లోంచి గుడ్లు ఒక్కోటీ తీసి, లైటు కింద పెట్టి జాబితాతో సరిచూసుకున్నాను. రెండు దొరికాయి.

అమ్మకి ఫోన్లో చెప్తే, “గుడ్లలో మందేవిట్రా?” అంది. ఫిప్రోనిల్ అన్నాను. పక్కనుంచి నాన్న అందుకుని, “అది రీజెంట్ గుళికల్లో ఉండే మందు కాదూ? వరికి కాండం తొలిచే పురుగు పడితే చల్లుతాం. దాన్ని కోళ్ళకెందుకు కొట్టారు?” అన్నాడు. కోళ్ళకి నల్లి పట్టిందట అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, “దానికి బూడిద చాలదా?” అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వెతుకుతూ పోతే రెండు వేల ఏళ్ళ వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. మధ్యలో మా అమ్మమ్మగారి పెరడు కూడా తగిలింది.

ముందు ఈ పురుగు సంగతి. తెలుగులో నల్లి అంటే మంచంలో ఉండేదీ నల్లే, మిరపాకు ముడుచుకుపోయేలా చేసేదీ నల్లే. కోడిని పట్టేదాన్ని మా వైపు ‘కోడిపేలు’ అంటారు గానీ అది పేను కాదు. పేనుకి ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది, సాలీడు బంధువు. పేను కోడి ఒంటి మీదే పుట్టి, పెరిగి, అక్కడే చస్తుంది. ఎర్రనల్లి అలా కాదు. పగలంతా గూటి చెక్కల సందుల్లో, గంప అల్లికలో, గడ్డిలో దాక్కుంటుంది. చీకటి పడ్డాక కోడి మీదకి ఎక్కి రక్తం తాగి, మళ్ళీ సందులోకి పోతుంది. తాగకముందు బూడిదరంగు, తాగాక ఎరుపు. అందుకే పగలు కోడిని ఎంత వెతికినా ఏమీ కనపడదు. దీన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టినవాడు స్వీడన్‌కి చెందిన చార్లెస్ డి గీర్, 1778లో. ఇప్పటి పేరు డెర్మనిసస్ గలినే. (దీని చుట్టాల్లో కోడి ఒంటి మీదే కాపురం పెట్టేవీ ఉన్నాయి. మన వేడి దేశాల్లో అవీ ఎక్కువే. ఆ కథ వేరు.)

శాస్త్రవేత్తలకంటే చాలా ముందే ఒక రైతు దీని కిటుకు పట్టుకున్నాడు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత కొలుమెల్లా వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో ఎనిమిదో భాగంలో కోళ్ళ పెంపకం ఉంటుంది. రెండు సంగతులు చెప్తాడు. కోళ్ళు పొర్లాడి రెక్కలు శుభ్రం చేసుకోవడానికి, కప్పు ఉన్నచోట గోడ వారగా పొడిమట్టి, బూడిద పోసి ఉంచమంటాడు. గుడ్లు పెట్టే గూళ్ళలో గడ్డి ఎప్పటికప్పుడు తీసి కొత్తది వెయ్యమంటాడు, లేకపోతే కోడి తన వెంట తెచ్చే పురుగులతో గూడు నిండిపోతుందని. బూడిద కోడికి, గడ్డి మార్చడం గూటికి. అమ్మ ఫోన్లో చెప్పింది అందులో సగం.

మిగతా సగం తెలీకే మా అమ్మమ్మ పెట్ట పోయింది.

అది తొంభైల్లో ఒక వేసవి. తణుకు దగ్గర అమ్మమ్మగారి ఊరు. ఊరి చుట్టూ వేల కోళ్ళుండే లేయర్ షెడ్లు, ఊళ్ళో మాత్రం ఇంటింటికీ నాలుగు నాటుకోళ్ళు. డేగరంగు పెట్టని పదకొండు గుడ్ల మీద పొదగేసింది అమ్మమ్మ. లెక్క బేసిలో ఉండాలని పదకొండు. గంపలో వరిగడ్డి, పైన గోనెపట్టా. పధ్నాలుగో రోజో పదిహేనో రోజో పెట్ట లేచిపోయింది. పట్టుకొచ్చి కూర్చోబెడితే మళ్ళీ లేచింది. గుడ్లు చల్లబడ్డాయి. “పాడు పెట్ట, దీనికి తల్లి గుణం లేదు,” అంది అమ్మమ్మ. ఆదివారం కూర అయింది. నేనూ తిన్నాను. ఆ గుడ్లు తీసి పారెయ్యమని నాకే చెప్పారు. గంపలో చెయ్యి పెట్టాక మోచేతిదాకా జిల పట్టడం, అమ్మ బావి దగ్గర సబ్బుతో రుద్ది కడగడం నాకు బాగా గుర్తుంది. ఈ రెండిటికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు లెక్క చూస్తే తేలికే. మన వేసవి వేడిలో ఎర్రనల్లికి గుడ్డు నుంచి గుడ్డుకి వారం రోజులు చాలు. పొదుగు ఇరవై ఒక్క రోజులు. అంటే మూడు తరాలు. రక్తం తాగిన ప్రతిసారీ ఆడనల్లి నాలుగు నుంచి ఎనిమిది దాకా గుడ్లు పెడుతుంది. మామూలు కోడి పగలంతా తిరుగుతుంది, దుమ్ములో పొర్లాడుతుంది. పొదిగే పెట్ట రోజుకి ఓ పావుగంట దిగితే గొప్ప. దిగినా మేతకీ నీళ్ళకే సరి, పొర్లాడే తీరిక ఉండదు. ఒంట్లో రక్తం తగ్గుతుంటే, చీకట్లో వేలకొద్దీ నల్లులు పాకుతుంటే ఎన్నాళ్ళు కూర్చుంటుంది? కొన్ని లేచిపోతాయి. కొన్ని లేవకుండా అక్కడే చచ్చిపోతాయి. మా పెట్ట లేచిపోయిన రకం, దానికి తల్లి గుణం లేదన్నాం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పోరు రసాయనాల చేతికి వెళ్ళింది. 1917లో అమెరికా వ్యవసాయ శాఖ నల్లుల మీదా పేల మీదా ఒక రైతు పుస్తిక వేసింది. అందులో తెలివైన మాట ఒకటుంది: పేనుకి మందు కోడికి వెయ్యాలి, నల్లికి మందు ఇంటికి వెయ్యాలి. దండేలకీ చెక్కలకీ ముడి పెట్రోలియం గానీ, కలపకి చెద పట్టకుండా పూసే నూనె గానీ పుయ్యమన్నారు. తర్వాత పొగాకు నుంచి తీసిన నికోటిన్ సల్ఫేట్ వచ్చింది, కోళ్ళు ఎక్కే దండేలకి సాయంత్రం పూస్తే రాత్రి ఆవిరి పైకి లేచేది. ఆ తర్వాత డీడీటీ. 1958లో యూనియన్ కార్బైడ్ ‘సెవిన్’ అమ్మకానికి తెచ్చింది. అసలు పేరు కార్బరిల్. పెరట్లో కోళ్ళు పెంచే అమెరికన్లకి తరాల తరబడి నల్లి మందంటే సెవిన్ పొడే. మన రైతులకీ ఆ పేరు తెలుసు. భోపాల్ కర్మాగారంలో మిథైల్ ఐసోసయనేట్ నిలవ పెట్టింది ఆ సెవిన్ తయారీకే. 1984 డిసెంబర్ 2 రాత్రి బయటికొచ్చింది అదే. భోపాల్ గురించి ఎంతో చదివాను గానీ, కోళ్ళగూట్లో చల్లే పొడి అక్కడ తయారయ్యేదని ఈ వెతుకులాటలోనే నాకు తట్టింది.

ప్రతి మందుకీ కొన్నాళ్ళకి నల్లి అలవాటు పడింది. వారానికో తరం మారే జీవికి అదేమంత కష్టం కాదు. ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. యూరప్‌లో 2012 నుంచి కోళ్ళని ఇరుకు పంజరాల్లో పెట్టకూడదని చట్టం. దండెం, గూడు, గీరుకోడానికి చెత్త ఉండాలి. కోడికి మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ సందు పెరిగితే నల్లికీ చోటు పెరుగుతుంది. ఆ సమయంలో బార్నెవెల్డ్ అనే ఊళ్ళో ఒక కోళ్ళఫారాల శుభ్రత సంస్థ, యూకలిప్టస్ లాంటి మొక్కల నూనెలతో చేసిన మందంటూ రైతుల దగ్గరికొచ్చింది. బ్రహ్మాండంగా పనిచేసింది. అందులో ఫిప్రోనిల్ కలిసిందని తర్వాత తేలింది. తినే జంతువుల మీద అక్కడ ఆ మందు నిషిద్ధం. లక్షల గుడ్లు పారబోశారు, కోళ్ళని చంపారు. 2021లో ఆ సంస్థ నడిపిన ఇద్దరికి జైలు శిక్ష పడింది. రైతుల్లో చాలామంది నిజంగానే మొక్కల మందు అనుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. అంత బాగా పనిచేస్తున్న మందుని ఎందుకు అనుమానిస్తారు? విచిత్రం ఏమిటంటే అదే 2017లో, తాగేనీళ్ళలో కలిపి వారం తేడాతో రెండుసార్లు ఇచ్చే ఫ్లూరలనర్ అనే మందుకి యూరప్‌లో అనుమతి వచ్చింది. అది వాడిన కోళ్ళ గుడ్లు మానక్కర్లేదు. అక్కడ కూడా ఆ వారం లెక్కే.

మరి బూడిద? 2012లో కాలిఫోర్నియాలో ఇద్దరు పరిశోధకులు కోళ్ళకి పొర్లాడే పెట్టెలు పెట్టి చూశారు. గంధకం, డయాటమ్ మట్టి, కయోలిన్ బంకమన్ను, మూడూ వాడిన కోళ్ళ మీద పురుగులు బాగా తగ్గాయి. గంధకం అన్నిటికంటే మేలు. అయితే అవి కోడి ఒంటి మీద ఉండే నల్లులూ పేలూ. సందుల్లో దాక్కునే ఎర్రనల్లికి ఒక్క బూడిద చాలదు. అమ్మకి జవాబు చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

పోయిన మార్చిలో ఇంటినుంచి పని అని చెప్పి నెల్లాళ్ళు ఊళ్ళో ఉన్నాను. అమ్మ తొమ్మిది గుడ్ల మీద పెట్టని పొదగేసి ఉంది. పన్నెండో రోజు రాత్రి తెల్లకాయితం మడిచి గంప అంచున రుద్దాను. కాయితం మీద ఎర్రటి గీతలు పడ్డాయి. పొదిగే పెట్టకి కిరసనాయిలూ మందులూ పనికిరావు. గుడ్డు పెంకుకి వేల రంధ్రాలుంటాయి, నూనె తగిలితే లోపల పిల్లకి ఊపిరాడదు. మిగిలింది కొలుమెల్లా మాటే. గడ్డీ గంపా రెండూ మార్చాలి.

“పొదుగు మధ్యలో కదపకూడదు, మురిగిపోతాయి,” అంది అమ్మ. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి చాటలో మెత్తటి పాతచీర వేసి, టార్చి తనే పట్టుకుంది. గుడ్లు ఒక్కోటీ అందులోకి తీశాను. పాత గడ్డి మంటలో వేశాం. కొత్త గంపలో ఎండిన గడ్డి, అడుగున జల్లించిన పొయ్యి బూడిద. పెట్ట చీకట్లో పెద్దగా గొడవ చెయ్యకుండా కూర్చుంది. పాత గంప మీద పొద్దున్నే సలసల మరిగే నీళ్ళు పోసి ఎండలో పడేశాను. పంతొమ్మిదో రోజు మళ్ళీ మార్చాం, ఈసారి అమ్మే గుర్తు చేసింది.

తొమ్మిదిలో ఏడు పిల్లలయ్యాయి. మురిగిన రెండింటినీ చూపించి, “నువ్వు కదిపినందుకే,” అంది అమ్మ. కాదని నేను నిరూపించలేను. ఏడింట్లో ఒకటి డేగ.