పాఠశాల మరుగుదొడ్లు - ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు

భారతదేశంలో పాఠశాల మరుగుదొడ్డి విద్యాహక్కులో భాగంగా చట్టంచే గుర్తింపబడినది. ఈ సదుపాయం సాధారణంగా బాలురకు ఒకటి, బాలికలకు ఒకటి చొప్పున రెండు విభాగాలుగా ఉంటుంది. పుట్టినప్పుడు నమోదైన లింగానికి, తాము అనుభూతి చెందే లింగానికి పొంతన కుదరని పిల్లలు, అనగా ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు, ఈ రెండింటిలో దేనిని వాడవలెనన్నది సమస్యగా పరిణమించినది. ఈ విషయమై ఆంధ్రప్రదేశ్‌లో, అందులో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలకు వర్తించే చట్టాలు, పథకాలు ఈ వ్యాసంలో వివరింపబడినవి.

సమస్య స్వరూపం

బాలుర మూత్రశాలలలో చాలాచోట్ల వరుసగా నిలుచుని వాడే తొట్లు తప్ప తలుపులున్న గదులు తక్కువ. తనను బాలికగా భావించుకునే విద్యార్థి అక్కడికి వెళితే హేళనకు, కొన్ని సందర్భాలలో దాడికి గురి అగును. బాలికల వైపు వెళితే ఆక్షేపణ వచ్చును. అందుచేత అట్టి పిల్లలు బడివేళలలో నీరు త్రాగడం మానుకొనుట, సాయంత్రం వరకు మూత్రం ఆపుకొనుట, మధ్యాహ్నం ఇంటికి పోయి తిరిగి రాకుండుట జరుగుచున్నవి. మూత్రం ఎక్కువసేపు ఆపుకొనుట వలన మూత్రనాళ వ్యాధులు వచ్చే అవకాశం కలదు. క్రమంగా హాజరు తగ్గి, చివరకు చదువు ఆగిపోవును.

2011 జనాభా లెక్కలలో తొలిసారిగా స్త్రీ, పురుషులతో పాటు 'ఇతరులు' అను వర్గం చేర్చబడినది. దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఈ వర్గంలో నమోదైనారు. దేశంలో మొత్తం అక్షరాస్యత సుమారు 74 శాతం కాగా, ఈ వర్గంలో అది 56 శాతం మాత్రమే.

మరోవైపు, బాలికలకు ప్రత్యేక మరుగుదొడ్లు కూడా సులభంగా లభించినవి కావు. రజస్వల అయిన తరువాత ఆ సౌకర్యం లేక చదువు మానిన బాలికలు అనేకులు. వారి ఏకాంతానికి, భద్రతకు భంగం కలుగకుండా మరొక వర్గపు పిల్లలకు చోటు కల్పించుట ఈ విషయంలోని ప్రధానాంశం.

చట్టాలు

విద్యాహక్కు చట్టం (2009): 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. ఇది 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు వర్తిస్తుంది. ప్రతి పాఠశాల భవనంలో బాలురకు, బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండవలెనని దీని షెడ్యూలులో కలదు. 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలు ఆరు నెలలలో పాఠశాలలలో మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెనని ఆదేశించినది.

నల్సా తీర్పు (2014): జాతీయ న్యాయసేవల సంస్థ వేసిన వ్యాజ్యంలో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీల ధర్మాసనం 2014 ఏప్రిల్ 15న తీర్పు ఇచ్చినది. రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలలో 'లింగం' అను మాటలో లింగ గుర్తింపు కూడా చేరునని ఇందులో చెప్పబడినది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రత్యేక ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెనని కూడా కోర్టు ఆదేశించినది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం (2019): 2020 జనవరి 10న అమలులోకి వచ్చినది. 3వ సెక్షను విద్యాసంస్థలలో వివక్షను నిషేధించినది. 13వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిధులు గాని, గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు ఇతరులతో సమానంగా సమ్మిళిత విద్యను అందించవలెను. ప్రతి సంస్థలో ఒక ఫిర్యాదుల అధికారి ఉండవలెనని 11వ సెక్షను నిర్దేశించినది. 2020లో వెలువడిన నియమాలలో సంస్థల సమానావకాశ విధానానికి సంబంధించి, లింగభేదం లేని మరుగుదొడ్లు ఉదాహరణగా పేర్కొనబడినవి.

అయితే పాఠశాలలో ఏ విద్యార్థి ఏ మరుగుదొడ్డిని వాడవలెనో విద్యాహక్కు చట్టంలో గాని, 2019 చట్టంలో గాని సూటిగా చెప్పబడలేదు. ఒకటి రెండు తలుపులను కోరగా, మరొకటి వివక్ష కూడదన్నది. ఈ రెంటి నడుమ నిర్ణయం ఆచరణలో ప్రధానోపాధ్యాయునికి, తల్లిదండ్రుల కమిటీకి మిగిలినది.

ఆంధ్రప్రదేశ్‌లో

2017 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంక్షేమ విధానాన్ని ఆమోదించినది. 2019 నవంబరు 14న ఒంగోలులో 'మన బడి నాడు-నేడు' కార్యక్రమం ప్రారంభమైనది. మొదటి దశలో 15,715 పాఠశాలలు ఎంపిక కాగా, చేపట్టిన పనులలో మొదటిది నీటి వసతి గల మరుగుదొడ్ల నిర్మాణం. పనుల నిర్వహణ తల్లిదండ్రుల కమిటీలకు అప్పగింపబడినది. ఈ విధంగా నిర్మాణంలో తల్లిదండ్రుల మాటకు విలువ ఏర్పడినది. జాతీయ విద్యావిధానం (2020) బాలికల, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల చదువు కొరకు ప్రత్యేక నిధిని ప్రతిపాదించి, పారిశుధ్యాన్ని, మరుగుదొడ్లను అందులో పేర్కొన్నది.

తెనాలి, బాపట్ల, రేపల్లె

ఈ మూడు పురపాలక పట్టణాలు 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండెను. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో బాపట్ల జిల్లా ఏర్పడగా రేపల్లె అందులో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. 2019 చట్టంలో గుర్తింపు పత్రం ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఇవ్వబడినది. కనుక జిల్లాలు విడిపోయిన తరువాత తెనాలివారి దరఖాస్తు గుంటూరుకు, బాపట్ల, రేపల్లెల వారిది బాపట్లకు చెందినది. మైనర్ల తరఫున తల్లిదండ్రులు గాని, సంరక్షకులు గాని దరఖాస్తు చేయవలెనని చట్టంలో ఉన్నది. కావున ఇంటివారు అంగీకరించని విద్యార్థికి ఈ మార్గం అందదు. అయితే 13వ సెక్షను బాధ్యతను పాఠశాలపైననే ఉంచినది.

పరిష్కార పద్ధతులు

* విద్యార్థి తన గుర్తింపు ప్రకారం ఎంచుకొనుట. 2017లో కేంద్ర తాగునీరు, పారిశుధ్య మంత్రిత్వశాఖ మార్గదర్శకాలు సామూహిక మరుగుదొడ్లలో ఇట్టి స్వేచ్ఛ ఉండవలెనన్నవి. దీనికి ఖర్చు లేదు గాని, తోటి పిల్లల, తల్లిదండ్రుల సమ్మతి పొందుట కష్టం.
* ప్రత్యేకంగా మూడవ మరుగుదొడ్డి. ఇది భద్రతనిచ్చును. అయితే అందులోకి పోయే పిల్లవాని సంగతి బడి అంతటికీ తెలిసిపోవును.
* లోపల గడియ, నీటి కొళాయి, చెత్తబుట్ట గల ఒంటిగది. ఒకరి తరువాత ఒకరు ఎవరైనా వాడవచ్చును. దివ్యాంగులకు, ఋతుసమయంలోని బాలికలకు కూడా ఇది ఉపయోగపడును. ఎవరి గుర్తింపూ బయటపడదు. బాలుర, బాలికల మరుగుదొడ్లను అలాగే ఉంచి దీనిని అదనంగా కట్టుటకు విద్యాహక్కు చట్టంలో అభ్యంతరం లేదు.

వివాదాలు, ఇతర దేశాలు

2021లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయమై ఉపాధ్యాయుల కొరకు ఒక శిక్షణ పుస్తకాన్ని వెలువరించినది. లింగభేదం లేని మరుగుదొడ్లను అది సూచించినది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం అభ్యంతరం తెలుపగా కొద్ది రోజులకే అది వెబ్‌సైటు నుండి తొలగింపబడినది. 2025 అక్టోబరు 17న జేన్ కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు, 2019 చట్టం అమలులో ప్రభుత్వాల ఉదాసీనతను విమర్శించి, సమానావకాశ విధానం రూపొందించుటకు ఒక కమిటీని నియమించినది.

ఇంగ్లండులో 2012 నాటి నియమాల ప్రకారం ఎనిమిదేండ్లు నిండిన బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండవలెను. లోపల గడియ ఉండి ఒక్కరే వాడే గదులకు మినహాయింపు కలదు. అమెరికాలో ఫెడరల్ అప్పీలు కోర్టులు 2020లో వర్జీనియా విద్యార్థికి అనుకూలంగా, 2022లో ఫ్లోరిడా విద్యార్థికి ప్రతికూలంగా తీర్పులిచ్చినవి.

ఇవి కూడా చూడండి

* విద్యాహక్కు చట్టం
* హిజ్రా
* బాపట్ల జిల్లా