కొరియా టెలివిజన్ ధారావాహికలు: అనూహ్యముగా లోకప్రియములైన జంటలు

దక్షిణ కొరియా టెలివిజన్ ధారావాహికలలో, రచయిత కథకు కేంద్రముగా నిలిపిన నాయికానాయకులు గాక, వారి ప్రక్కన నడచుటకై సృష్టింపబడినవారును, పరస్పర విరోధులుగా ప్రవేశించినవారును, వయోభేదముచేతనో వర్గభేదముచేతనో ఒకచోట పొసగజాలరని తోచినవారును ప్రేక్షకహృదయమున జంటగా స్థిరపడుట పలుమారులు సంభవించినది. ఇవి అన్నియు ప్రణయజంటలు కావు. స్నేహితులు, ప్రత్యర్థులు, గురుశిష్యులు, విడాకులు పొందిన దంపతులు కూడ ఇందు గలరు. ఇట్టి జంటల చరిత్రను వరుసగా పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును: కథారంభముననే విధి నిర్ణయించిపెట్టిన అనురాగముకంటె, తాము చూచుచుండగా ఇరువురు మానవులు ఒకరివలన ఒకరు మారుచు క్రమక్రమముగా సంపాదించుకొనిన అనురాగమునే ప్రేక్షకులు తమదిగా భావింతురు.

నేపథ్యము

ఈ పరిణామమునకు ఆ దేశపు నిర్మాణపద్ధతి తొలి కారణము. కె.బి.ఎస్., ఎం.బి.సి., ఎస్.బి.ఎస్. అను ప్రసారసంస్థలు తమ ప్రధాన ధారావాహికలను సోమ మంగళవారములనో, బుధ గురువారములనో, శని ఆదివారములనో, వారమునకు రెండేసి రాత్రులు ప్రసారము చేయుట వాడుకగ నుండెను. చిరకాలము మొదటి కొన్ని భాగములు మాత్రమే ముందుగా చిత్రీకరింపబడి, తక్కినవి ప్రసారము సాగుచుండగనే వ్రాయబడుచు, ఒక్కొక్కప్పుడు పుటలు పుటలుగా నటుల చేతికి అందుచుండెడివి. 2000 ప్రాంతమున అంతర్జాలము ఇంటింటికి వ్యాపించిన పిమ్మట, రాత్రి చూచిన భాగమును గూర్చిన అభిప్రాయము తెల్లవారునప్పటికే నిర్మాతలకు చేరసాగినది. 2003లో ఎం.బి.సి. ప్రసారము చేసిన 'దామో' అను 14 భాగముల చారిత్రక గాథకు, అన్నపానములు మరచి చర్చలలో మునిగిన అభిమానవర్గ మొకటి ఏర్పడి, ఆ ధారావాహిక పేరుతోనే ప్రసిద్ధి చెందినది. ఎవరికి ఎవరు దక్కవలెనను తీర్పు నాటినుండి రచయిత ఏకాంతముగ చెప్పునది కాకపోయెను.

అనుదిన ప్రసారములగు హాస్యధారావాహికలలో ఈ సంవాదము మరింత తీవ్రమయ్యెను. కిమ్ బ్యుంగ్-వూక్ దర్శకత్వమున వెలువడిన 'హై కిక్ త్రూ ది రూఫ్' (ఎం.బి.సి., 2009–2010) 126 భాగములు నడచినది. అందు ఇంటిపని చేసికొని బ్రదుకు సె-క్యుంగ్ అను యువతిని యజమాని మనుమడగు జున్-హ్యుక్ మూగగా ఆరాధించును. ఆమెయో, ఆ బాలుని మేనమామయు వైద్యుడును అగు జీ-హూన్‌పై మనసు నిలుపును. ప్రేక్షకులు పక్షములుగా చీలి, ఎవరి జంటను వారు సమర్థించుకొనుచుండగా, 2010 మార్చి 19వ తేదీన ప్రసారమైన చివరి భాగమున జీ-హూన్, సె-క్యుంగులు వర్షమున విమానాశ్రయమునకు పోవుచు ప్రమాదమునకు గురియైరి. ఆ ముగింపు రేపిన ఆగ్రహము, కల్పితపాత్రల సహవాసమును ప్రజ లెంత సొంతము చేసికొనిరో వెల్లడించినది.

చారిత్రక గాథలలో

'క్వీన్ సొండొక్' (ఎం.బి.సి., 2009) 62 భాగముల బృహద్గాథ. సిల్లా రాజ్యమును 632 మొదలు 647 వరకు పాలించిన రాణి ఇందు నాయిక. తొలుత ఆమె మనసు సేనాని కిమ్ యూ-సిన్ వైపు మొగ్గినట్లు కథ నడచినను, కథలో మూడవవంతు గడచిన పిమ్మట ప్రవేశించిన బిదాముడు, కిమ్ నామ్-గిల్ నటనాబలమున, ప్రేక్షకుల దృష్టిని తనవైపు త్రిప్పుకొనెను. చరిత్రలో బిదాముడు 647లో ఆ రాణిపై తిరుగుబాటు చేసి హతుడైన మంత్రి. రాజద్రోహిగా మాత్రమే గ్రంథములందు నిలిచినవాడు. వానిని తల్లి పరిత్యజించిన అనాథగను, రాణి విశ్వాసమునకై పరితపించు ప్రేమికునిగను రచయితలు మలచిరి. లీ యో-వన్ ధరించిన రాణిపాత్రకును అతనికిని నడుమ పెరిగిన బంధము విషాదాంతమని చరిత్ర తెలిసినవారందరు ఎరుగుదురు. ఎరిగియు ఆ జంటనే కోరుకొనిరి. ఆమెను చేరుటకై కత్తుల నడుమ అడుగు లెక్కించుకొనుచు వచ్చి, చేరకుండగనే అతడు నేలకొరుగు ఘట్టము కొరియా చారిత్రక ధారావాహికలలో మిక్కిలి స్మరింపబడువానిలో నొకటి.

అంతకు ముందేడు, 2008లో, ఎస్.బి.ఎస్. ప్రసారము చేసిన 'పెయింటర్ ఆఫ్ ది విండ్' మరియొక విధమున ఆశ్చర్యము గొలిపినది. జోసన్ యుగపు చిత్రకారుడు షిన్ యున్-బోక్ పురుషవేషమున నున్న స్త్రీ యను కల్పనపై ఆ కథ ఆధారపడినది. గురువగు కిమ్ హాంగ్-దోకును ఆమెకును గల బంధము ప్రధానమైనను, చిత్రకారుని పురుషుడని నమ్మి ప్రేమించిన జంగ్-హ్యాంగ్ అను వాద్యకారిణికిని ఆమెకును జరిగిన సన్నివేశములే జనులను అధికముగా ఆకర్షించినవి. ఐదు న్యాంగుల ధనముతో ఆమె వాద్యము వినగోరిన ఘట్టమును బట్టి అభిమానులు వారిని 'ఐదు న్యాంగుల జంట' యని పిలిచిరి. ఆ సంవత్సరాంతమున ఎస్.బి.ఎస్. ఉత్తమ జంట పురస్కారము మూన్ గున్-యంగ్, మూన్ చే-వన్ అను ఆ ఇరువురు నటీమణులకు లభించెను.

ఉత్తమ జంట పురస్కారము

ప్రసారసంస్థలు సంవత్సరాంతమున జరుపు సన్మానసభలలో ఉత్తమ జంటకు ప్రత్యేక పురస్కార మొకటి యుండుటయు, దాని నిర్ణయమున ప్రేక్షకుల ఓటునకు స్థానము కలుగుటయు ఈ చరిత్రలో గణనీయములు. ఈ పురస్కారము ప్రణయజంటలకే పరిమితము కాలేదు. 2010లో కె.బి.ఎస్. 'సుంగ్‌క్యున్‌క్వాన్ స్కాండల్' నాయికానాయకులతో పాటు, అందు సహాధ్యాయులుగ నటించిన సాంగ్ జూంగ్-కీ, యూ ఆ-ఇన్‌లకు కూడ ఈ గౌరవము దక్కినది. 2017లో అదే సంస్థ 'చీఫ్ కిమ్' అను కార్యాలయగాథకు గాను నామ్‌గూంగ్ మిన్, జున్-హోలను ఉత్తమ జంటగా సన్మానించినది. లెక్కలు తారుమారు చేయుటలో నేర్పరియగు గణకుడొకడు, ప్రభుత్వాభియోక్త పదవిని వీడి వ్యాపారసంస్థలో చేరిన గర్విష్ఠి యొకడు. వీరి వైరము చూచువారికి వినోదమై, పిదప మైత్రియై పరిణమించినది.

రెండవ జంటలు

నాయికానాయకులకు తోడుగ మరియొక జంటను నిలుపుట కొరియా రచయితలకు పాతవాడుకయే. ఆ రెండవ జంట మొదటిదానితో సమముగ, కొన్నిచోట్ల మిన్నగ, ఆదరము పొందుట క్రొత్త విశేషము. టి.వి.ఎన్. ప్రసారము చేసిన 'రిప్లై 1994' (2013) ఇందుకు చక్కని నిదర్శనము. సియోల్ నగరమున సిన్చోన్‌లోని యొక భోజనవసతి గృహమున చేరిన విద్యార్థుల కథ యిది. అందు ఎవరిని ఎవరు వివాహమాడుదురను చిక్కుముడితో ప్రేక్షకులు తలపడుచుండగా, చాటున మరియొక జంట ఎదిగినది. గ్యాంగ్‌సాంగ్ ప్రాంతమునుండి వచ్చిన సామ్‌చోన్‌పో అను మొరటువాడును, జొల్లా ప్రాంతపు యొసునుండి వచ్చిన యున్-జిన్ అను పెళుసుమాటల పిల్లయు ఒకరినొకరు తిట్టుకొనుటతో ప్రారంభించి అనురాగబద్ధులైరి. ఆ రెండు ప్రాంతముల నడుమ రాజకీయములందు తరతరములుగ వైమనస్యము గలదని ఎరిగిన కొరియనులకు ఈ స్నేహము హాస్యమాత్రము కాదు. పైగా సామ్‌చోన్‌పోగ నటించిన కిమ్ సుంగ్-క్యున్ అంతకుముందు చలనచిత్రములలో క్రూరపాత్రలకు పేరొందినవాడు. ముప్పది దాటిన వయసున కళాశాల బాలుడై కనబడినాడు.

2016లో కె.బి.ఎస్. 'డిసెండెంట్స్ ఆఫ్ ది సన్' ప్రధాన జంట ఖ్యాతి ఆసియా యంతటను వ్యాపించినది. అయినను జిన్ గూ, కిమ్ జీ-వన్ ధరించిన రెండవ జంటకు స్వదేశమున ప్రత్యేకాభిమానులు ఏర్పడిరి. ఆమె సేనాధిపతి కుమార్తె, సైనిక వైద్యాధికారిణి. అతడు హోదాలో ఆమెకు తక్కువవాడు. అధికారముగల చోట ఆమెయే వెంబడించుటయు, అనురాగము గలిగియు అతడు వెనుకాడుటయు ఆ జంట కొక గాంభీర్యమును కూర్చినవి. ఆ సంవత్సరాంతముననే అదే రచయిత్రి కిమ్ ఉన్-సూక్ వ్రాసిన 'గోబ్లిన్' టి.వి.ఎన్.లో వెలువడినది. అందు మృత్యుదూతగ నటించిన లీ డాంగ్-వూక్‌కును, యూ ఇన్-నాకును పూర్వజన్మ విషాదము కలిపిన జంట యెంతగ నచ్చినదనగా, 2019లో 'టచ్ యువర్ హార్ట్' అను ధారావాహికలో వారినే నాయికానాయకులుగ మరల కూర్చిరి. 'గోబ్లిన్' లోనే గోబ్లిన్‌గ నటించిన గాంగ్ యూకును ఆ మృత్యుదూతకును నడుమ సాగిన కలహస్నేహము మరియొక లోకప్రియ జంటను సృష్టించినది.

'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' (2019–2020) నందు సియో దాన్, గూ సుంగ్-జున్ అను రెండవ జంట కథ మరణముతో ముగియగా, పలువురు ప్రేక్షకులకు నాయికానాయకుల శుభాంతము సైతము పూర్ణసంతోషము నీయలేదు.

ప్రణయేతర బంధములు

ప్రణయము లేని జంటలలో 'మై మిస్టర్' (టి.వి.ఎన్., 2018) అగ్రగణ్యము. పార్క్ హే-యంగ్ రచించి, కిమ్ వన్-సొక్ దర్శకత్వము వహించిన ఈ 16 భాగముల గాథలో నలుబది దాటిన నిర్మాణ ఇంజనీరుగ లీ సన్-క్యున్, అప్పులలో కూరుకొనిన తాత్కాలికోద్యోగినిగ గాయని ఐయూ నటించిరి. ఇరువురకును 18 ఏండ్ల వయోభేదముండుటచే ప్రసారమునకు ముందే ఆక్షేపణలు చెలరేగినవి. కథ సాగినకొలది, అతని దూరవాణిని రహస్యముగ వినుచు, అతడు చేయు నిట్టూర్పులవలన లోకమున సజ్జనుడొకడు గలడని ఆ యువతి గ్రహించుటయు, ఆమె గ్రహింపుచే అతడు తిరిగి నిలద్రొక్కుకొనుటయు జూచి, శంకించిన పలువురు శాంతించిరి. 2019 బెక్‌సాంగ్ కళాపురస్కారములలో ఉత్తమ ధారావాహిక, ఉత్తమ రచన యను రెండు గౌరవములును దీనికి లభించినవి. 2021లో వచ్చిన 'నావిల్లేరా'లో డెబ్బది యేండ్ల విశ్రాంత తపాలా ఉద్యోగికిని, అతనికి బాలే నృత్యము నేర్పు యువకునికిని గల గురుశిష్యబంధము వయసులను తలక్రిందులు చేసి నిలిచినది.

విడాకుల దంపతులు సైతము ఈ శ్రేణిలో చేరిరి. 'వెన్ ది కమేలియా బ్లూమ్స్' (కె.బి.ఎస్., 2019)లో గౌరవమునకై తహతహలాడు ఊరిపెద్దమనిషి నో గ్యూ-తే, అతని భార్యయు విడాకుల వ్యాజ్యములలో నిపుణురాలును అగు హాంగ్ జా-యంగ్, విడిపోయిన పిదపనే ఒకరి విలువ నొకరు తెలిసికొనిరి. నో గ్యూ-తే పాత్రకు గాను ఓ జంగ్-సే 2020లో బెక్‌సాంగ్ ఉత్తమ సహాయనటుడైనాడు.

నేటి స్థితి

2018లో వారమునకు 52 గంటల పనిపరిమితి చట్టము అమలులోనికి వచ్చుటయు, అంతర్జాతీయ ప్రసారవేదికలు ముందుగనే పూర్తియైన ధారావాహికలను కోరుటయు, ప్రసారము నడుమ కథను మార్చు అవకాశమును తగ్గించినవి. ప్రేక్షకుల రుచి మాత్రము రచయితలకు ముందే తెలిసియున్నది. 2022లో ఎస్.బి.ఎస్. ప్రసారము చేసిన 12 భాగముల 'బిజినెస్ ప్రపోజల్' నందు నాయికానాయకుల ఆప్తమిత్రుల జంటకు తొలినుండియే విశాలస్థానము కేటాయింపబడినది. పూర్వము యాదృచ్ఛికముగ లభించినదానిని ఇపుడు ప్రయత్నపూర్వకముగ కూర్చుచున్నారు. అయినను పైన పేర్కొనిన జంటలలో దేనిని చూచినను, దానికి బలమిచ్చినది స్థానము గాని పేరు గాని కాదు. ఒక పాత్రకు మరియొక పాత్ర యెడల కలిగిన శ్రద్ధ, ఆ శ్రద్ధ పండుటకు దీర్ఘగాథ ఇచ్చిన వ్యవధి, దానిని నమ్మించిన నటుల సంయమనము. ఈ మూడింటిని సమకూర్చుటకు అవకాశమిచ్చుట చేతనే కొరియా ధారావాహిక నాయికానాయకులకు వెలుపల నున్నవారికి సైతము ప్రజల ప్రేమను సంపాదించి పెట్టగలిగినది.