లెక్క పుట్టిన కథ

ఓ దసరాకి మండపేట నుంచి రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్ళి చెడీ తాలింఖానా అనే సాము విద్య చూస్తున్నాను. కళ్ళకి గంతలు కట్టుకున్న కుర్రాడు, నేలమీద పడుకున్న మనిషి పొట్టమీది దోసకాయని కత్తితో రెండు చెక్కలు చేశాడు. పక్కనే కర్ర చంకన పెట్టుకుని పిల్లల్ని అదిలిస్తున్న పెద్దాయన్ని అడిగాను, ఎన్నేళ్ళుగా కర్ర తిప్పుతున్నారండీ అని. “ఎన్నేళ్ళంటే ఏం లెక్కండి బాబూ, మీసం రాకముందు నుంచీనండి, ఆయ్” అన్నారు.

అదే ప్రశ్న జపాన్ సుమో వస్తాదుని అడిగితే జవాబు కాగితం మీద ఉంటుంది. హనకజె అనే ఆయన 1986లో పదిహేనేళ్ళ వయసులో గోదాలో దిగి, 2022 జనవరిలో యాభై ఒక్క ఏళ్ళ వయసులో విరమించాడు. దాదాపు 36 ఏళ్ళు! అన్నేళ్ళలో నెలజీతం వచ్చే తరగతికి ఒక్కసారీ ఎక్కలేదు. అయినా ఆయన ఎప్పుడెప్పుడు దిగాడో, గెలిచాడో, ఓడాడో ఈరోజు కూడా చూసుకోవచ్చు.

దీనంతటికీ మూలం బంజుకె అనే కాగితం. ఇప్పటి టోక్యోని ఎడో అనే రోజుల్లో, 1757 నాటికే, పోటీకి ముందు వస్తాదుల పేర్లు నిలువు వరసల్లో అచ్చేసి పంచేవారు. తూర్పు పక్షం ఒకవైపు, పడమటి పక్షం ఒకవైపు. ఇవాళ్టికీ దాన్ని కుస్తీ రెఫరీలే కుంచె పట్టి చేత్తో రాస్తారు, దాన్నే కుదించి అచ్చు వేస్తారు. పైవరస పేర్లు లావుగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ సన్నబడి చివరివి వెంట్రుకల్లా ఉంటాయి. హనకజె పేరు ఏటా ఆరుసార్లు ఆ సన్న అక్షరాల్లోనే పడింది. నాకు ఆ కాగితంలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ కింది వరసలే.

ఇక గెలుపోటముల పట్టీలో గెలిస్తే తెల్ల చుక్క, ఓడితే నల్ల చుక్క. ఆ చుక్కల పుణ్యమా అని 1790 నుంచి 1811 దాకా పై తరగతిలో పోరాడిన రైడెన్ అనే వస్తాదు 254 గెలిచి 10 మాత్రమే ఓడాడని తెలుస్తోంది. ఇరవై ఒక్క ఏళ్ళకి అంత తక్కువ కుస్తీలేమిటంటే, అప్పుడు పోటీలు ఏడాదికి రెండే. ఆరుబయట, వాన లేని పది రోజులు చూసుకుని జరిపేవారు.

1909లో టోక్యోలో కప్పున్న కుస్తీశాల కట్టాక వానబాధ పోయింది. అదే ఏడు జిజి షింపో అనే పత్రిక, పోటీలో అందరికన్నా బాగా ఆడిన వస్తాదు చిత్రపటం గీయించి అక్కడ వేలాడదీయడం మొదలెట్టింది. వ్యక్తిగత విజేత అనే మాట అలా నిలదొక్కుకుంది. 1958 నుంచి ఏడాదికి ఆరు పోటీలు స్థిరపడ్డాక ఈ కాలపు రికార్డులకి దారి పడింది. హకుహొ అనే వస్తాదు 1187 కుస్తీలు, 45 టైటిళ్ళు గెలిచాడు. మంగోలియా నుంచి వచ్చిన తమవషి 2004 జనవరిలో మొదలుపెట్టి, 2024 సెప్టెంబరులో మానకుండా వరసగా 1631వ కుస్తీ పట్టి అవొబజొ అనే పాత వస్తాదు 1630 లెక్కని దాటాడు. మధ్యలో 2022 జులైలో తన శిక్షణశాలలో కోవిడ్ వచ్చి దిగలేకపోతే, అది అతని తప్పు కాదని సుమో సంఘం ఆ వరసని తెగనివ్వలేదు. లెక్కలో అలాంటి న్యాయం కూడా ఉండాలి.

మనకీ వస్తాదులకి కొదవ లేదు. వీరఘట్టం కోడి రామమూర్తిగారు గుండెల మీదికి ఏనుగుని ఎక్కించుకున్నారని దేశమంతా చెప్పుకుంది. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. కానీ ఆయన పుట్టిన ఏడు ఒకచోట 1882, మరోచోట 1883. ఎన్ని కుస్తీలు పట్టారో, ఎవరితో పట్టారో వరసగా రాసిపెట్టిన పుస్తకం నాకు ఎక్కడా కనబడలేదు. అది తలుచుకుంటే బాధేస్తుంది.

వచ్చే దసరాకి అమలాపురంలోని కొంకాపల్లి, మహిపాల వీధి తాలింఖానాలవాళ్ళు ఒక్కో నోటుపుస్తకం కొనండి. గురువుగారి పేరు, ఏ ఏడు కర్ర పట్టారో ముందు రాయండి. ఆ తర్వాత కింది వరసలో నిలబడే పిల్లాడి పేరు కూడా రాయండి.