కొవ్వొత్తి ఎక్కడికి పోతుంది?

వెలుగుతున్న కొవ్వొత్తి తరిగిపోతుంది గదా, ఆ మైనమంతా ఎక్కడికి పోతున్నట్టు? లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1860 డిసెంబరులో మొదలుపెట్టి, పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు కొవ్వొత్తి మీదనే ఇచ్చాడు. మంట నడిమి నల్లని భాగంలో గాజు గొట్టం ఉంచి, రెండో కొసన వెలువడే ఆవిరిని వెలిగించి చూపాడు. మండేది మైనపు ఆవిరి అన్నమాట! మంటపైన మంచుతో చల్లబరచిన పాత్ర పట్టుకుంటే దాని అడుగున నీటి బిందువులు చేరాయి. నిప్పులోంచి నీరు పుట్టడం చూసి ఆ పిల్లలెంత విస్తుపోయారో. మన ఊపిరి కూడా ఒక విధమైన దహనమేనని చివరి ఉపన్యాసంలో చెప్పాడు.

నన్ను మరీ కదిలించేది ఆ వక్త పూర్వకథ. కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడు. 1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్నదంతా స్వయంగా బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడు అక్కడే సహాయకుడిగా చేరాడు. ఆ టిక్కెట్లు మరొకరికి పోయి ఉంటే?

2011లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొవ్వొత్తి మంటలో సెకనుకు సుమారు 15 లక్షల అతిసూక్ష్మ వజ్రరేణువులు పుడుతున్నాయని, అవి వెంటనే మండి బొగ్గుపులుసు వాయువుగా మారిపోతాయని ప్రకటించారు. ఏ వజ్రమూ మంటలా ప్రకాశించలేదని ఫారడే ఆ పిల్లలకు చెప్పి అప్పటికి నూటయాభై ఏళ్లు.