శవం దొరకని హత్య కేసు

భోగాపురంలో హైవే పక్కన నేను బేకరీ నడుపుతున్న గదిలోనే అంతకు ముందు అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అదీ నాదే. ఇప్పుడు ఎగ్ పఫ్‌లూ దిల్‌పసంద్ ముక్కలూ పెట్టే అద్దాల బీరువా ఉన్న చోట అప్పుడు చెక్క అరలుండేవి. ఆ అరల్లో సగం డిటెక్టివ్ నవలలే. రెండు వ్యాపారాలూ చేసినవాణ్ణి కాబట్టి, చిన్న ఊరి బేకరీ చుట్టూ తిరిగే హత్యల నవలలు ఇంగ్లీషులో వందలకొద్దీ వస్తున్నాయని మా అమ్మాయి చెబితే ఊరుకోలేకపోయాను. తెప్పించుకుని చదివాను.

వాటిని కోజీ మిస్టరీలంటారు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. హత్య జరుగుతుంది గానీ మన కళ్ల ముందు జరగదు, నెత్తురు కనబడదు. పోలీసులు ఒక దారిన పోతుంటారు. ఊళ్లో ఏ టీ కొట్టో బేకరీయో నడుపుకునే మనిషి, ఎక్కువగా ఆడమనిషి, వచ్చేపోయేవాళ్ల మాటలన్నీ కూడగట్టుకుని నేరస్థుణ్ణి పట్టుకుంటుంది. జోఆన్ ఫ్లూక్ రాసిన హానా స్వెన్సన్ నవలలు వీటిలో బాగా పేరున్నవి. మొదటిది 2000లో వచ్చింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, లేక్ ఈడెన్ అనే కల్పిత ఊరు. హానా అక్కడ కుకీల దుకాణం పెట్టుకుంటుంది. పాల వ్యాను తెచ్చే కుర్రాడు ఆ దుకాణం వెనకాలే హత్యకు గురై ఉంటాడు, చుట్టూ ఆమె చేసిన కుకీలే చెల్లాచెదురుగా. కథ మధ్యలో ఆ కుకీలు ఎలా చెయ్యాలో కొలతలతో సహా ఇస్తారు. ఆ కొలతలు నేను శ్రద్ధగా చదివాను. వెన్న ధర చూస్తే మన ఊళ్లో గిట్టుబాటు కాదు.

ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది అగాథా క్రిస్టీ. 1930లో వచ్చిన 'మర్డర్ ఎట్ ద వికరేజ్'తో మిస్ మార్పుల్ అనే పెద్దావిడని నవలల్లోకి తీసుకొచ్చింది. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో ఉంటుంది ఆవిడ. తోటపని చేసుకుంటూ, ఉన్ని అల్లుకుంటూ వీధిలో ఎవరు ఎటు పోతున్నారో చూస్తుంటుంది. అనుమానం ఉన్న మనిషిని చూడగానే తన ఊళ్లో అలాంటి బుద్ధే ఉన్న మరో మనిషి ఆవిడకి గుర్తొస్తాడు. ఒక ఊరిని పూర్తిగా ఎరిగినవాళ్లకి లోకంలో మనుషులంతా తెలిసినట్టే అన్నది ఆవిడ లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది కాబట్టి క్రిస్టీకి విషాల సంగతి బాగా తెలుసు. అందుకే ఆమె కథల్లో తుపాకీ కన్నా టీ కప్పు ఎక్కువ భయపెడుతుంది.

మన దగ్గరికి డిటెక్టివ్ సరుకు కలకత్తా మీదుగా వచ్చింది. బెంగాలీలో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ అనే పోలీసు అధికారి 1892 నుంచి తన కేసుల్ని 'దారోగార్ దప్తర్' పేరుతో వరసగా అచ్చు వేశాడు. ఆ తరవాత పాంచ్‌కడీ దే నవలలు బెంగాల్ దాటి తెలుగుతో సహా చాలా భాషల్లోకి వెళ్లాయి. తెలుగులో దేవరాజు వేంకటకృష్ణారావు గారి 'వాడే వీడు'ను తొలి డిటెక్టివ్ నవలగా చెబుతారు. అప్పట్లో ఈ రకాన్ని అపరాధ పరిశోధన నవలలనేవారు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాసి, చవక పుస్తకాన్ని రైలు ప్రయాణికుడి చేతిలో పెట్టారు. ఆయనవి ఎక్కువగా సాంఘికాలే. అయినా డబ్బున్నవాడి బీరువాలోంచి నవలని బయటికి లాగి ప్లాట్‌ఫారం మీదికి తెచ్చినది ఆయన తరమే. డిటెక్టివ్ నవల ఆ దారి వెంటే వచ్చింది.

1950ల చివర కొమ్మూరి సాంబశివరావు గారు దిగారు. రచయిత చలం పుట్టిన కొమ్మూరి వారి కుటుంబమే ఈయనదీ. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు తెలుగు ఇళ్లల్లో చుట్టాలైపోయారు. 'ఉరితాడు', 'చీకటికి వేయికళ్లు' నా కొట్లో ఒక్క పూట అర మీద నిలిచేవి కావు. టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్, ఆ తరవాత షాడో నవలలతో మధుబాబు వచ్చారు. వాళ్లు రాస్తే మేము అద్దెకిచ్చేవాళ్లం.

అద్దె కొట్టు ఎలా నడిచేదో ఈ తరానికి తెలియదు కాబట్టి చెబుతాను. కొత్త నవల రాగానే దాని వెన్ను విప్పి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొస తాడుతో కుట్టేసేవాణ్ణి. అలా కుట్టకపోతే పది చేతులు మారేసరికి కాగితాలు రాలిపోతాయి. బొమ్మ అట్ట మీద ఖాకీ కాగితం వేసి నంబరు రాసేవాణ్ణి. పుస్తకం వెల డిపాజిట్టు, అద్దె రోజుకి పావలా. ఊళ్లో మేష్టర్లు, బస్సు కండక్టర్లు, మిల్లు పనివాళ్లు, కుట్టు మిషను పెట్టుకున్న ఆడవాళ్లు నా ఖాతాదారులు. ఆడవాళ్లు స్వయంగా వచ్చేవారు తక్కువ, పిల్లల చేత చీటీ పంపేవారు. చీటీలో పేరుండదు, నంబరే ఉంటుంది. ఎవరింట్లో ఎవరు ఏం చదువుతున్నారో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేనెవరికీ చెప్పలేదు కూడా.

డిటెక్టివ్ నవలకున్న పెద్ద జబ్బు ఆఖరి పేజీలు పోవడం. ఎవరో చింపేసేవారు. మర్నాడు ఖాతాదారు గుమ్మంలోంచే అరిచేవాడు: "బావూ, ఈ పుస్తకానికి ఆఖరు నేదు! సంపినోడెవుడో సెప్పీండి!" చెప్పబోతే పక్కనున్నవాడు చెవులు మూసుకునేవాడు, వాడింకా ఆ పుస్తకం చదవలేదు మరి. అందుకని విజయనగరంలో మరో కొట్టు నుంచి మంచి కాపీ తెచ్చుకుని, ఆఖరి రెండు పేజీలూ నా చేత్తో రాసి, మైదా జిగురుతో అంటించేవాణ్ణి. మైదాతో నా పరిచయం అక్కడే మొదలైంది. యుగంధర్ చివర్లో అందర్నీ కూర్చోబెట్టి విప్పి చెప్పే మాటలు అలా రాసీ రాసీ నాకు కంఠతా వచ్చేశాయి.

అలా రాస్తున్నప్పుడే ఒక సంగతి తట్టింది. యుగంధర్ ఉండేది మద్రాసులో. కారు, టెలిఫోను, బంగళా, హోటలు. సీమలోనో కోస్తాలోనో పల్లెకి వస్తే కేసు కోసం వచ్చి వెళ్లిపోయేవాడే తప్ప అక్కడివాడు కాదు. దీనికి కారణం ఉంది. అప్పటి తెలుగు ప్రచురణ, పత్రికలు, సినిమా చాలావరకు మద్రాసులో ఉండేవి. రాసేవాళ్లూ చాలామంది అక్కడే ఉండేవారు. కథ కూడా అక్కడే కాపురం పెట్టింది. పైగా ఇన్‌స్పెక్టరే కారేసుకుని ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరికి వచ్చి సలహా అడగడం లండన్ కథల నుంచి తెచ్చుకున్న ఏర్పాటు. మన స్టేషన్లలో అది జరిగే పని కాదు. చదువుతున్నంతసేపూ మనకి అడ్డం రాలేదు, అంత బాగా రాశారు. కానీ ఆ కథల్లో నా ఖాతాదారులెవరూ లేరు.

మన ఇళ్లనీ మన ఊళ్లనీ కథల్లోకి తెచ్చే పని మా ప్రాంతంతో సంబంధం ఉన్నవాళ్లు కొందరు చేశారు. విజయనగరంలో చదువుకున్న ఆరుద్ర గారు డిటెక్టివ్ నవలలు రాశారని చాలామందికి తెలియదు. వాటిలో ఒకదాని పేరు 'పలకల వెండిగ్లాసు'. పిస్తోలు, నంబరు, చీకటి ఏమీ లేకుండా వంటింటి అలమరాలో ఉండే వస్తువుని పేరుగా పెట్టారాయన. విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు డిటెక్టివ్ కథలు రాయలేదు గానీ, నేరం, పోలీసు, సాక్షి, కోర్టు ఈ నాలుగూ ఉత్తరాంధ్రలో ఎలా పనిచేస్తాయో 'ఆరు సారా కథలు' చదివితే తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

అసలు విషయం వీళ్లందరికన్నా ముందుది. చిన్న ఊరి హత్య కేసు, ఊరి కబుర్లతో నడిచే కేసు, చివరికి పోలీసు కాని ఆడమనిషి విప్పిన కేసు మనకి ముందే ఉంది. భోగాపురం నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయనగరంలో గురజాడ అప్పారావు గారు రాశారు. ఆ 'కన్యాశుల్కం' నాటకాన్ని మొదటిసారి 1892లో అక్కడే ఆడారు. ఇప్పుడు మనం చదివేది బాగా పెంచి రాసిన 1909 నాటి రెండో కూర్పు. మిస్ మార్పుల్ తొలి నవల రావడానికి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లకు పైనే ఉంది.

ఆ నాటకంలో గిరీశం పాత్ర మాటల హోరులో పడి మనం అందులో ఉన్నది ఒక ఖూనీ కేసని మరిచిపోతాం. రామచంద్రపురం అగ్రహారంలో ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పిల్లని కొనుక్కుని పెళ్లాడాడు. ఆ పిల్ల రాత్రికి రాత్రే మాయమైంది. ముసలాడే చంపేశాడని ఊరు అనుకుంది. పోలీసులు దిగారు. శవం లేదు, శవం అక్కర్లేకుండానే కేసు నడిచింది. ఎవడి లాభం వాడు చూసుకుంటున్నాడు. దెయ్యాన్ని సీసాలో పెట్టి బిరడా బిగించానని పూజారి గవరయ్య అంటాడు. పిల్లని అమ్మిపోయిన గుంటూరు శాస్త్రి ఎవరో, ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. పెళ్లికూతురికి పెట్టిన, సాని మధురవాణి కంటె కూడా పిల్లతో పాటే పోయింది.

నిజానికి ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదు. మేనకోడలికి ఆ ముసలి సంబంధం తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, తాను గుంటూరు శాస్త్రి వేషం కట్టాడు. వేషం తీసేశాక పిల్ల ఎక్కడుంటుంది? చావని మనిషిని చంపిన నేరానికి ఒక ముసలాడు ఉరికంబం దాకా వెళ్లేలా ఉన్నాడు. నిజం తెలిసినది మధురవాణికి. సానివాళ్లతో మాట్లాడకూడదని నియమం పెట్టుకున్న ప్లీడరు సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళ్లి ముడి విప్పింది. వేషంతో మొదలైన నేరం వేషంతోనే తేలింది. ఇంత పకడ్బందీగా అల్లిన కథ నా కొట్లోని ఏ డిటెక్టివ్ నవలలోనూ చూడలేదు.

మధురవాణి గొప్పతనం ఎక్కడుందంటే, ఆమె పాదముద్రలు కొలవదు, బూడిద ఏరదు. ఎవరు దేనికి ఆశపడతారో, ఎవరు ఎప్పుడు అబద్ధమాడతారో ఆమెకి తెలుసు. ఊరంతా తన గుమ్మంలోకి వచ్చి మాట్లాడే స్థానం ఆమెది. కోజీ నవలలో బేకరీ అమ్మాయికి ఉన్న స్థానం కూడా అదే.

బేకరీ ఎందుకు అని మీరడగొచ్చు. నా చిన్నప్పుడు మా ఊళ్లో బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాడి తిండి. పాలల్లో ముంచి పెట్టేవారు. పిల్లల పుట్టినరోజుకి, డిసెంబరు 31 రాత్రికి కేకు కొనడం టీవీ వచ్చాక మొదలైన అలవాటు. ఆ టీవీయే నా అద్దె కొట్టుని మూయించింది. బేకరీ పెట్టాక నాకు తెలిసినంత ఊరి సమాచారం గ్రామ సచివాలయంలో కూడా ఉండదు. కేకు మీద ఏ పేరు రాయమంటున్నారో నాకు తెలుసు. ఆ పేరు ఆ ఇంట్లో లేదన్నదీ తెలుసు. ఎండాకాలంలో వేడికి పిండి ఊరికే పొంగిపోతుంది. ఐసు నీళ్లతో కలిపి, నడిరాత్రి లేచి చూసుకోవాలి. ఊరు నిద్రపోతున్నప్పుడు మెలకువగా ఉండేది స్టేషన్లో సెంట్రీ, నేను, ముక్కాం నుంచీ చేపలకంచేరు నుంచీ చేపల గంపలతో బయలుదేరే ఆడవాళ్లు. ఏ బండి ఎన్నింటికి వెళ్లిందో మాకే తెలుస్తుంది.

చట్టం కూడా ఊరివాణ్ణి పక్కన పెట్టలేదు. అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే పోలీసు అధికారి చుట్టుపక్కల ఉండే కనీసం ఇద్దరు పెద్దమనుషుల ఎదుట శవ పంచనామా రాయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 174వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. ఆ కాగితం మీద సంతకం పెట్టే మనిషి మన కథకి పరిశోధకుడు కావచ్చు. అతనికి పైపు, కారు అక్కర్లేదు. చనిపోయినవాడి అప్పులు తెలుసు, పొలం గట్టు తగువు తెలుసు, ఆ రాత్రి అతనింట్లో ఎందుకు దీపం వెలగలేదో తెలుసు.

ఇప్పుడు మా ఊళ్లో కథలకి కొదవ లేదు. 2023 మేలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక కొత్త ముఖాలు వచ్చాయి. జీడిమామిడి తోటకి కూడా రేటు అడుగుతున్నారు. అన్నదమ్ముల మధ్య కాగితాలు మళ్లీ బయటికొచ్చాయి. హత్యలు జరగాలని నేను కోరుకోను. రాయాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను. 2019లో నెల్లూరు కుర్రాణ్ణి డిటెక్టివ్‌ని చేసి తీసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమాని జనం ఆదరించారు. ఊరి యాసలో, ఊరి నేరం చూడటానికి మనవాళ్లు సిద్ధంగా ఉన్నారు. పుస్తకమే రావడం లేదు.

అందుకని రెండు మాటలు అడుగుతాను. మీ ఇంటి అటక మీద ఖాకీ అట్ట వేసిన పాత డిటెక్టివ్ నవల ఏదైనా ఉంటే తూకానికి వెయ్యకండి, ఆఖరి పేజీలు లేకపోయినా సరే. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా నాకివ్వండి, కుట్టి పెడతాను. ఇక రాసే చెయ్యి ఉన్న పిల్లలకి: యుగంధర్‌ని మద్రాసులోనే హాయిగా ఉండనివ్వండి. మీ కథ భోగాపురం పోలీసు స్టేషన్ గేటు దగ్గర మొదలుపెట్టండి. 'కన్యాశుల్కం' రెండో కూర్పు ఇంకోసారి, ఈసారి ఖూనీ కేసు కోసమే, మొదటి నుంచి చివరిదాకా చదివి మరీ మొదలుపెట్టండి.