నల్లగొండ నుంచి వెళ్ళిన పిటిషన్

ముద్దాయికి వకీలు లేకుండా నడిపిన విచారణ చెల్లదని సూర్యాపేట కోర్టులో మా జూనియర్లు నోటికి చెబుతారు. హుస్సైనారా ఖాతూన్ తీర్పు అంటారు, అది బీహార్ జైళ్ళ సంగతి. సుఖ్‌దాస్ అంటారు, అది అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చింది. ఈ వాదనతో సుప్రీంకోర్టుకు ఎక్కినవాళ్ళలో మొదటివాళ్ళలో మన నల్లగొండ రైతులూ ఉన్నారంటే మాత్రం వింతగా చూస్తారు. మా బార్ లైబ్రరీలో 1951 ఏఐఆర్ సంపుటం ఉంది. అట్ట ఊడి, దారంతో కట్టి ఉంటుంది. అందులో సుప్రీంకోర్టు భాగం 217వ పేజీ తీసి వాళ్ళ ముందు పెడతాను: జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ స్టేట్.

సూర్యాపేట జిల్లా ఏర్పడింది 2016లో. అంతకుముందు సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలన్నీ నల్లగొండ కిందివే. కోదాడ హుజూర్‌నగర్ తాలూకాలో ఊరు. మా తాతది కోదాడ పక్కనే. ఆయన మాటల్లో 'పరగణాకు పోయిండు' అనే మాట తరచూ దొర్లేది. పరగణా అంటే మునగాల. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాకు చెందిన ఆ తునక. రాత్రికి రాత్రి పొలం గట్లు దాటితే చట్టం మారిపోయేది, పోలీసు మారిపోయేవాడు. ఒక మనిషి నేరస్థుడా కాదా అన్నది ఏ గట్టు మీద నిలబడ్డాడన్నదాన్ని బట్టి ఉండేదని నాకు మొదట నేర్పింది లా కాలేజీ కాదు, మా తాత.

1948 సెప్టెంబర్‌లో భారత యూనియన్ సైన్యాలు విజయవాడ నుంచి మా ప్రాంతం మీదుగానే వచ్చాయి. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను కూల్చింది. నిజాం పాలన పోయింది, మిలిటరీ గవర్నర్ పాలన వచ్చింది. తెలంగాణ రైతుల భూపోరాటం మాత్రం ఆగలేదు. పట్టుబడ్డవాళ్ళను విచారించడానికి స్పెషల్ ట్రిబ్యునళ్ళు పెట్టారు. 1949 ఆగస్టులో హత్యానేరాల కింద పన్నెండుమందికి ఉరిశిక్షలు పడ్డాయి. డిసెంబర్‌లో హైదరాబాద్ హైకోర్టు వాటిని ఖాయం చేసింది. రాజ్యాంగం అమల్లోకి రావడానికి అప్పటికి ఇంకా నెల మీద కొన్ని రోజులుంది.

ఆ కొన్ని రోజులే వాళ్ళ కొంప ముంచాయి. అప్పీలుకు అనుమతి అడిగితే, 1950 డిసెంబర్ 14న సుప్రీంకోర్టు కుదరదంది. హైకోర్టు తీర్పు వచ్చిన నాటికి హైదరాబాద్ కోర్టులు తమ పరిధిలో లేవన్నది కారణం. ఇక మిగిలింది, ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళనిచ్చే 32వ అధికరణం. దాని కింద హెబియస్ కార్పస్ వేశారు. వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. హోచిమిన్ కోసం ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళిన వకీలు ఆయనే. తర్వాత కెన్యాలో కెన్యాట్టా తరఫున నిలబడిందీ ఆయనే. సుప్రీంకోర్టు అప్పుడు పార్లమెంటు భవనంలోనే కూర్చునేది. మన పల్లెల పేర్లు ఆ గదిలో ఎలా పలికారో అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ప్రాణం పోయే కేసులో ట్రిబ్యునల్ ముందు ముద్దాయిలకు వకీలు లేడన్నది వాదనల్లో ముఖ్యమైనది. అమెరికాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద నడిచిన కేసులో 1932లో వచ్చిన పావెల్ వర్సెస్ అలబామా తీర్పూ చర్చకొచ్చింది. 1951 మార్చి 16న పిటిషన్ కొట్టేశారు. తీర్పు రాసింది జస్టిస్ ఫజల్ అలీ. వకీలు లేకపోవడం అప్పీలులో చూడాల్సిన సంగతే తప్ప, అధికారమున్న ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును దాని మీద హెబియస్ కార్పస్‌లో పడగొట్టలేమన్నారు. నా మటుకు నాకు ఆ తీర్పులో తర్కం కనిపిస్తుంది, న్యాయం కనిపించదు. అప్పీలు దారి మూసినవాళ్ళే అప్పీలులో చెప్పుకోవాల్సిందన్నారు మరి. ఊరూరా, దేశదేశాల్లోనూ లేచిన ఆందోళన వల్ల చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి.

తర్వాతి కథ విద్యార్థులకు తెలిసిందే. ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఏ అధికరణం, 1978లో హాస్కాట్, 1979లో హుస్సైనారా. ముద్దాయి అడగకపోయినా వకీలును ఇవ్వాల్సిందేనని 1986లో సుఖ్‌దాస్. అన్నిటికన్నా నన్ను కదిలించింది 2019 డిసెంబర్ 18 నాటి అనోఖీలాల్ తీర్పు. వకీలును పెట్టిన రోజే చార్జీలు ఖరారు చేసి, పదిహేను రోజుల్లో ఉరిశిక్ష దాకా తీసుకెళ్ళిన కేసది. ఉరి గానీ యావజ్జీవం గానీ పడగల కేసులో న్యాయ సహాయ వకీలుకు కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది.

అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది నా సొంత తప్పు. నల్లకోటు వేసుకున్న మూడో ఏడు, ఓ కోర్టులో హత్య కేసు ఫైలు పొద్దున పదిన్నరకు నా చేతిలో పెట్టారు. పదకొండున్నరకు పంచనామా సాక్షిని క్రాస్ చేయమన్నారు. వాయిదా అడగడానికి నోరు రాలేదు. నాలుగు ప్రశ్నలు అడిగి కూర్చున్నాను. బోనులో ఉన్నాయన నా వైపు చూసి చేతులు జోడించాడు, ఏదో గొప్ప పని చేశాననుకుని. పంచనామాలో తేదీ దిద్ది ఉందని నేను చూసింది ఆ సాయంత్రం, ఇంటికెళ్ళాక.

2025 ఆగస్టులో వసంత సంపత్ దుపారె కేసులో తీర్పు వచ్చింది. ఉరిశిక్ష వేసేటప్పుడు పాటించాలని 2022లో మనోజ్ కేసులో చెప్పిన పద్ధతి పాటించకపోతే, తీర్పు ఖరారయ్యాక కూడా 32వ అధికరణం కింద శిక్ష వరకు మళ్ళీ తెరవచ్చంది సుప్రీంకోర్టు. 1951లో నల్లగొండవాళ్ళు పట్టుకెళ్ళిందీ ఆ అధికరణాన్నే. మిర్యాలగూడ నుంచి ఇంటర్న్‌షిప్‌కు వస్తున్న అమ్మాయి రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివింది. చదివి, 'సార్, వాళ్ళది ఏ ఊరు?' అని మొదట అడిగింది. దారం విప్పి మళ్ళీ పేజీలు తిప్పాం.

ఇప్పుడు నా చేతికి సెషన్స్ కేసు వస్తే మొదటి రోజు నేను అడిగేది వాయిదానే. ఎందుకని జడ్జిగారు అడిగితే అనోఖీలాల్ తీర్పు తీసి ఇస్తాను.