అమెరికాలో విదేశీ దాంపత్యం: భార్య వీసా పుట్టుపూర్వోత్తరాలు

అమెరికా పౌరుడు పరాయి దేశపు స్త్రీని పెళ్లాడితే ఆమె ఎవరి మనిషి అవుతుంది? అమెరికా చట్టసభ 1855లో దీనికి సూటిగా జవాబిచ్చింది: భర్త పౌరుడైతే భార్యా పౌరురాలే. అర్జీ అక్కర్లేదు, ప్రమాణం అక్కర్లేదు, పెళ్లి జరిగితే చాలు. ఒక్కటే మెలిక, ఆమె పౌరసత్వానికి అర్హత ఉన్న జాతి మనిషై ఉండాలి. ఆనాటికి ఆ అర్హత తెల్లవారిదే.

చూడటానికి ఇది ఉదారంగా కనిపిస్తుంది. కానీ భర్త దేశమే భార్య దేశమన్న భావన మీద నిలబడ్డ ఈ చట్టం 1907లో తన రెండో ముఖం చూపింది. విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికా స్త్రీకి ఆ క్షణంలోనే పౌరసత్వం పోతుందని ఆ ఏటి చట్టం చెప్పింది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఎథెల్ మెకంజీ 1909లో స్కాట్లండ్ గాయకుడు గోర్డన్ మెకంజీని పెళ్లాడింది. ఆ రాష్ట్రంలో 1911లో స్త్రీలకు ఓటు వచ్చాక పేరు నమోదు చేసుకోబోతే, నువ్వు బ్రిటిష్ పౌరుడి భార్యవని అధికారులు తిప్పి పంపారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పర్యవసానం తెలిసే, ఇష్టపడే ఈ పెళ్లి చేసుకుందని 1915లో కోర్టు తేల్చేసింది. పుట్టిన రాష్ట్రాన్ని వదిలి ఎక్కడా స్థిరపడని మనిషిని కోర్టు పరదేశిగా నిలబెట్టింది.

ఓటు హక్కు సాధించుకున్న స్త్రీల పట్టుదలతో 1922లో కేబుల్ చట్టం వచ్చి, భార్య పౌరసత్వాన్ని భర్త నుంచి చాలావరకు విడదీసింది. అయితే ఆసియావాసుల్ని పెళ్లాడిన వారికి ఆ మేలు దక్కలేదు. మరుసటి ఏడాదే భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లాడిన అమెరికా స్త్రీ మేరీ కూడా ఏ దేశానికీ చెందని మనిషిగా మిగిలింది. ఈ వివక్ష 1931 సవరణతో గానీ తొలగలేదు.

భారతీయుల విషయంలో 1917 నాటి చట్టం మరో దారి మూసింది. ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించడంతో, అప్పటికే కాలిఫోర్నియా పొలాల్లో స్థిరపడిన పంజాబీ రైతులు భార్యల్ని తెచ్చుకునే వీలు లేకపోయింది. పెళ్లికాని వారికి ఊరి నుంచి సంబంధం తెచ్చుకునే ఆశా పోయింది. తెల్ల స్త్రీలతో పెళ్లికి ఆ రాష్ట్ర చట్టమే అడ్డం. ఇంపీరియల్ లోయలో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడి కాపురాలు పెట్టారు. ఇద్దరి ఒంటి రంగూ ఒకటేనని గుమాస్తాకు తోస్తేనే పెళ్లి లైసెన్సు చేతికొచ్చేది. భారత్‌కు ఏటా 100 మంది చొప్పున కోటా, పౌరసత్వ అర్హత దక్కింది 1946లో.

ఈనాటి వీసా పద్ధతికి పునాది 1924 చట్టం. బయలుదేరే ముందే అమెరికా కాన్సులేట్‌లో వీసా తీసుకోవడం, విదేశీ భార్య కోసం అమెరికాలోని పౌరుడు ముందుగా అర్జీ పెట్టడం ఆ చట్టంతోనే స్థిరపడ్డాయి. పౌరుల భార్యలకు దేశాలవారీ కోటా పట్టింపు లేకుండా చేసింది కూడా అదే. భర్తలకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. చైనా భార్యల్నైతే మొత్తంగా ఆపేసింది. పౌరుడి భార్య అయినా సరే, చైనా స్త్రీకి ప్రవేశం లేదని 1925లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ కట్టడిని కొంత సడలించింది. విదేశాల్లో పెళ్లాడిన సైనికుల ఒత్తిడితో 1945 డిసెంబరు 28న యుద్ధ వధువుల చట్టం వచ్చింది. మూడేళ్లపాటు సైనికుల భార్యాబిడ్డలకు వీసా అక్కర్లేదు, ఆరోగ్య కారణాలతో తిప్పి పంపడమూ లేదు. మరుసటి నెల ఎస్‌ఎస్ అర్జెంటీనా ఓడ నాలుగు వందల మందికి పైగా వధువులతో, చంకబిడ్డలతో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు బయలుదేరింది. ఎక్కే ముందు వాళ్లందరినీ టిడ్‌వర్త్ సైనిక శిబిరంలో ఉంచి కాగితాలూ ఆరోగ్యమూ తనిఖీ చేశారు. పెళ్లి కాని జంటల కోసం 1946లో మరో చట్టం వచ్చింది. సైనికుడితో నిశ్చయమైన అమ్మాయి మూడు నెలల గడువుతో వచ్చి, ఆ లోపు పెళ్లి చేసుకోవాలి.

ఇన్ని వెసులుబాట్ల నడుమే ఎలెన్ నౌఫ్ కథ జరిగింది. జర్మనీలో పుట్టిన ఈమె నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరి, అక్కడి వాయుసేన మహిళా విభాగంలో పనిచేసింది. యుద్ధం ముగిశాక అమెరికా మాజీ సైనికుడు కర్ట్ నౌఫ్‌ను పెళ్లాడి 1948 ఆగస్టులో న్యూయార్క్ రేవుకు చేరింది. అధికారులు ఆమెను ఎల్లిస్ ద్వీపంలో నిర్బంధించారు. ఆమె రాక దేశానికి ప్రమాదమన్నారు గానీ, ఆధారమేమిటో ఆమెకూ చెప్పలేదు, భర్తకూ చెప్పలేదు. విచారణ లేకుండానే ఆపే అధికారం ప్రభుత్వానికి ఉందని 1950లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పత్రికలు పట్టుబట్టాయి, చట్టసభ సభ్యులు అడ్డుపడ్డారు, చివరకు విచారణ జరిగింది. ఆరోపణ నిలబడక 1951లో ఆమె విడుదలైంది. మనిషి బయటపడింది గానీ తీర్పు మాత్రం కొట్టివేయబడలేదు.

1952 చట్టం భార్య, భర్త అన్న తేడా తీసేసి ఇద్దరికీ ఒకే హక్కునిచ్చింది. 1965 చట్టం జాతుల కోటాలను రద్దు చేసి, పౌరుల జీవిత భాగస్వాములకు సంఖ్యా పరిమితి లేకుండా కొనసాగించింది. తెలుగు ఇళ్లలో రోజూ వినపడే రెండు పేర్లు 1970 నాటి చట్టంతో వచ్చాయి. పౌరులతో పెళ్లి కుదిరినవారు 90 రోజుల్లో పెళ్లాడే షరతుతో తీసుకునే కె-1 ఒకటి. తాత్కాలిక ఉద్యోగుల భార్యలకు, భర్తలకు ఇచ్చే హెచ్-4 రెండోది. హెచ్-4 మీద ఏళ్లకేళ్లు ఇంటిపట్టున ఉండిపోయిన చదువుకున్న స్త్రీలకు, అదీ భర్త గ్రీన్‌కార్డు అర్జీ ముందుకు సాగిన వారికే, ఉద్యోగ అనుమతి దొరికింది 2015లో.

అంతకు చాలా ముందే, 1986 నాటికి, అధికారుల ప్రశ్న మారింది. పెళ్లి నిజమా, వీసా కోసం ఆడిన నాటకమా అన్నదే ముఖ్యమైంది. వీసా కోరే పెళ్లిళ్లలో 30 శాతం మోసమేనని వలస శాఖ చట్టసభకు చెప్పింది. ఆ లెక్క సరైంది కాదని తర్వాత తేలింది గానీ, అప్పటికే 1986లో చట్టం వచ్చేసింది. పెళ్లయి రెండేళ్లు నిండని జంటకు షరతులతో కూడిన గ్రీన్‌కార్డే ఇస్తారు. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్లీ అర్జీ పెట్టాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, ఫొటోలు చూపాలి. దీని బరువు మోసింది కొట్టే భర్తల చేతిలో చిక్కిన స్త్రీలు. అర్జీ మీద సంతకం భర్త పెట్టాలి కాబట్టి నోరెత్తలేని పరిస్థితి. 1990లో మినహాయింపు, 1994లో బాధితులు సొంతంగా అర్జీ పెట్టుకునే హక్కు వచ్చాకే ఆ ఉచ్చు కొంత వదులైంది.

కె-1 కోరే జంట గత రెండేళ్లలో ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలన్న నియమం కూడా 1986లోదే. పెళ్లికి ముందు వధూవరులు చూసుకోకూడదన్న గట్టి ఆచారం ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. పెళ్లిచూపులు అలవాటైన తెలుగువారికి దాని అవసరం అరుదు. వీరిని తిప్పలు పెట్టింది పెళ్లి కాగితం. పందిట్లో పెద్దల సమక్షంలో జరిగిన పెళ్లికి శుభలేఖ, ఆల్బమ్ తప్ప దస్తావేజు ఉండేది కాదు, కాన్సులేట్‌కు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం నమోదును తప్పనిసరి చేసింది. మతాలు వేరైన జంటలు, విదేశీయుల్ని ఇక్కడే చేసుకునేవారు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. ఇద్దరిలో ఒకరు అంతకుముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి తీరాలి. తక్కువ సెలవుతో వచ్చేవారి పెళ్లి ప్రణాళిక తరచూ బెడిసికొట్టేది ఈ లెక్క దగ్గరే.

1996లో అమెరికా నిబంధనల్లో ఆర్థిక పూచీ వచ్చి చేరింది. అర్జీ పెట్టిన పౌరుడు పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపి, కోర్టులో చెల్లే హామీపత్రం రాసివ్వాలి. తక్కువ జీతమున్న పౌరుడికి భార్యను తెచ్చుకోవడం దీనితో కష్టమైంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ దంపతులకూ వీసా దారి తెరుచుకుంది.

ఈ దారి పొడవునా తేలని ప్రశ్న ఒకటుంది: జీవిత భాగస్వామితో సొంత దేశంలో కాపురం చేసే హక్కు పౌరుడికి రాజ్యాంగం ఇచ్చిందా? లాస్ ఏంజెలెస్ న్యాయవాది సాండ్రా మున్యోస్ భర్తకు ఎల్‌సాల్వడార్‌లోని కాన్సులేట్ వీసా నిరాకరించింది. ఆమె ఏళ్ల తరబడి పోరాడితే, అటువంటి రాజ్యాంగ హక్కు లేదని 2024 జూన్ 21న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఆధారంగా చూపిన పాత కేసుల్లో ఎలెన్ నౌఫ్‌ది ఒకటి.